రద్దయిన గురువారం వంతు

నాకు కోపం ఎక్కువ. కూరలో ఉప్పు ఎక్కువైందంటే ఊరుకుంటాను గానీ, నేను రాసిన ప్రోగ్రాములో తప్పుందంటే మాత్రం ఊరుకోను. కాకిపిల్ల కాకికి ముద్దని మా ఆయన ఎద్దేవా చేస్తుంటాడు. పన్నెండేళ్లు హైదరాబాదులో జావాస్క్రిప్ట్ రాసుకుంటూ బతికాను. ఇంటి నుంచే పని చేసుకోవచ్చని కంపెనీవాళ్లు ఒప్పుకున్నాక తిరువూరు వచ్చేశాం. నేను చేసే పనేమిటో ఇక్కడ ఎవరికీ సరిగ్గా తెలియదు. కంప్యూటర్లు చూస్తుందట అంటారు. ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు.

అలా పిలిచినవాళ్లలో ఊళ్లో ఒక చిన్న డయాలసిస్ కేంద్రం మేనేజరుగారు ఒకరు. మిషన్లు తక్కువ, వచ్చే జనం ఎక్కువ. గంపలగూడెం వైపు నుంచీ, ఎ.కొండూరు వైపు నుంచీ తెల్లవారకముందే షేర్ ఆటోలు ఎక్కి వస్తారు. ఒక్కొక్కరికీ వారంలో ఫలానా రోజు, ఫలానా పూట అని వంతు ఉంటుంది. రాలేనివాళ్లు ముందుగా చెబితే ఆ మంచం ఎదురుచూస్తున్న మరొకరికి ఇస్తారు. ఇదంతా ఒక పుస్తకంలో రాసి, కొట్టేసి, మళ్లీ పైన రాసి, చివరికి ఏ పేరు కొట్టేశారో ఏది ఉంచారో తెలియక రోజూ తగాదాలు. "ఓ వెబ్‌సైటు చేసి పెట్టండి మేడం, పుణ్యముంటుంది," అన్నారు మేనేజరుగారు. పుణ్యం మాట అటుంచి, ఊళ్లో ఒక మంచి పని చేశాననిపించుకోవాలని నాకే ఉబలాటంగా ఉంది. ఆదివారాలు కూర్చుని చేసిపెట్టాను.

రోగి దగ్గర ఒక కార్డు ఉంటుంది. దాని మీద నంబరు, వెనకాల నాలుగంకెల పిన్ను. వాటితో లాగిన్ అయి తన వంతు ఖరారు చేసుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. అంతే. చూడ్డానికి అంతే గానీ, దాని వెనకాల నేను పడ్డ శ్రద్ధంతా వేరే చోట ఉంది. వెబ్‌సైటుకి మతిమరుపు జాస్తి. ఒక నొక్కు నొక్కాక, రెండో నొక్కు నొక్కేసరికి మనమెవరో దానికి గుర్తుండదు. అందుకని లాగిన్ అయినప్పుడు సర్వరు ఒక చీటీ ఇస్తుంది. దాన్నే కుకీ అంటారు. బ్రౌజరు ఆ చీటీని దాచిపెట్టుకుని, మనం ఏది నొక్కినా దాంతోపాటు చూపిస్తుంది. సర్వరు చీటీ మీది నంబరు చూసి, తన జాబితాలో వెతికి, ఓహో ఫలానా ఆయనా అని గుర్తుపడుతుంది. ఆ జాబితాలో మన పేరు ఉన్నంతసేపే మన సెషన్. ఈ చీటీని వేరే స్క్రిప్టులేవీ చదవకుండా, ఇంకో సైటు దీన్ని వాడుకోకుండా, పావుగంట కదలిక లేకపోతే చెల్లకుండా అన్ని కట్టుదిట్టాలూ చేశాను. దొంగ రావడానికి సందు లేదని ధీమాగా ఉన్నాను.

రోగుల్లో ఎక్కువమంది ఆ సైటును సొంత ఫోనులో చూసినవాళ్లు కారు. బస్టాండు దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటర్ ఉంది. ఒకప్పుడు అక్కడ ఒక సాయిబుగారు బట్టలు కుట్టేవాడు. ఇప్పుడు కుట్టుమిషను ఒక మూలకి జరిపి, పాతికేళ్లు కూడా లేని ఆయన కూతురు ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టుకుని పింఛను కాగితాలనుంచి పరీక్ష హాల్‌టికెట్ల దాకా అన్నీ చేసిపెడుతుంది. డయాలసిస్ కార్డులూ ఆమె దగ్గరికే వచ్చాయి. కేంద్రానికి వచ్చి వెళ్లేటప్పుడు ఆ కొట్టులో ఆగి తరువాతి వంతు ఖరారు చేయించుకునేవాళ్లు.

సైటు మొదలుపెట్టిన కొత్తలో ఆమె నాకు ఫోన్ చేసింది. "అక్కా, ఊరికూరికే బయటికి తోసేస్తందక్కా. వీళ్లు ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని చెప్పేసరికి మళ్లీ మొదటికొస్తంది," అంది. పని మధ్యలో ఉన్నాను, విసుక్కున్నాను. చీటీ చెల్లే సమయం పావుగంట నుంచి రెండు గంటలకి పెంచి, ఇక అడగకు అన్నట్టు ఫోన్ పెట్టేశాను. అలా పెంచడంతో ఆమె పని చేసే పద్ధతి మారుతుందని నాకు తట్టలేదు.

తరువాత రెండు నెలలకి ఒక గురువారం పొద్దున, గంపలగూడెం అవతల ఒక ఊరి నుంచి ఒక పెద్దాయన కేంద్రానికి వచ్చాడు. మునుపు షేర్ ఆటో నడిపిన మనిషి, కిడ్నీలు పాడయ్యాక మానేశాడు. జాబితాలో ఆయన పేరు లేదు. రద్దు అని ఉంది. "నేను రద్దు చెయ్యలేదు బాబూ, నిన్నగాక మొన్నే ఖాయం చేయించుకున్నా," అన్నాడట. కంప్యూటరులో అలా లేదన్నారు, శనివారం రమ్మన్నారు. రద్దయితే ఫోనుకి మెసేజ్ వెళ్లే ఏర్పాటు నేను అప్పటికింకా పెట్టలేదు. ఆయన కాసేపు వాదించి, ఆయాసం వస్తుంటే భార్య చెయ్యి పట్టుకుని మళ్లీ ఆటో ఎక్కాడు. శుక్రవారం రాత్రికి ఒళ్లంతా నీరు పట్టి ఊపిరి ఆడలేదు. 108లో విజయవాడ తీసుకెళ్లారు. నాలుగు రోజులు అక్కడే ఉన్నాడు.

అదే గురువారం ఇంకో మంచం గంటసేపు ఖాళీగా ఉంది. ఆ పూట వంతున్న ఒకావిడ రాలేదు. ఆమె కోసం చూసి చూసి, చివరికి వేరెవరినో పడుకోబెట్టారు. అప్పటికి పెద్దాయన సగం దారిలో ఉండి ఉంటాడు. తరువాతి వంతుకి వచ్చినప్పుడు ఆవిడ, "నెమలి ఊళ్లో మా తోడికోడలి కూతురి పెళ్లి అని ముందే రద్దు చేయించాను గదా," అందట. ఎవరూ పట్టించుకోలేదు. మర్చిపోయి అలా చెబుతోందనుకున్నారు. ఈ సంగతి మేనేజరుగారు నాకు మాటల్లో చెప్పారు కూడా. రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు.

ఊళ్లో మాట పుట్టింది. ఆ కొట్టు అమ్మాయి పెద్దాయన వంతు తీసి తనకి కావలసినవాళ్లకి ఇప్పించిందని. పెద్దాయన భార్య బస్టాండు దగ్గర అందరి ముందూ ఆమెను నిలదీసింది. ఆ అమ్మాయి ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. "నేను ఆయన వంతు ముట్టుకోలేదక్కా. ఒట్టు. ఖాయం చేశా, కార్డు పక్కన పెట్టేశా," అంది. చూస్తానన్నాను. మేనేజరుగారు కూడా చూసి చెప్పమన్నారు.

చూశాను. సర్వరులో ప్రతి నొక్కూ నమోదవుతుంది. పెద్దాయన కార్డుతో లాగిన్ అయ్యారు, వంతు ఖరారు చేశారు, మూడు నిమిషాల తరువాత అదే సెషన్‌లో రద్దు చేశారు. అన్నీ ఆ కొట్టు కంప్యూటరు నుంచే. ఖరారు చేసుకున్న మనిషి మూడు నిమిషాల్లో ఎందుకు రద్దు చేసుకుంటాడని ఒక్క క్షణం ఆగి అడుక్కుని ఉంటే సరిపోయేది. నాకు అప్పుడు కావలసింది కారణం కాదు. నా ప్రోగ్రాము తప్పు కాదని తేలడం. తేలింది కదా అని వెంటనే రాసి పంపాను: "రద్దు ఆయన లాగిన్ నుంచే, ఆ సెంటర్ కంప్యూటరు మీదే జరిగింది. సిస్టంలో లోపం లేదు." ఆ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసి ఏడిస్తే, "కంప్యూటరు అబద్ధం చెప్పదమ్మా," అన్నాను. ఫోన్ పెట్టేసి మా ఆయనతో, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ పిల్ల వరస అని కూడా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మేనేజరుగారు నేను పంపింది ప్రింటు తీసి ఆ అమ్మాయికి చూపించారు. కేంద్రం గోడ మీద, ఫలానా సెంటరులో బుకింగులు చేయించుకోవద్దని నోటీసు అంటించారు. డయాలసిస్‌వాళ్లు ఆ కొట్టు మానేశారు. మాట పాకాక మిగతావాళ్లూ తగ్గారు.

ఇంకో నెల గడిచాక మా మామయ్యగారి పొలం అడంగల్ కాపీ కావలసివచ్చి నేనే ఆ కొట్టుకి వెళ్లాను. వెళ్లాలంటే మొహం చెల్లలేదు గానీ, తప్పు చేసింది తను, నేనెందుకు జంకాలి అని సర్దిచెప్పుకున్నాను. ఆమె నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమంది. బల్ల మీద మూడు ఆధార్ కార్డులు వరసగా పెట్టి ఉన్నాయి. మన ఊళ్లలో లైనులో తువ్వాలు పెట్టి టీకి వెళ్లినట్టు, ఈ కొట్టులో కార్డు పెట్టి వెళతారు. కార్డే వంతు. ఆమె స్క్రీను మీద అదే వరసలో మూడు ట్యాబులు తెరిచి ఉన్నాయి.

"ఇన్ని ట్యాబులెందుకు?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"ఒక్కో కార్డుకి ఒకటక్కా. మనిషొచ్చి కార్డు తీసుకెళ్లాక మూసేస్తా. ఒకళ్లది ఒకళ్లకి కలవకుండా ఉంటదని," అంది.

స్క్రీను దగ్గరికి జరిగాను. "డయాలసిస్‌వాళ్లకీ ఇట్టాగే చేసేదానివా?"

"ఆఁ. ముందు చేసేదాన్ని కాదు. మీరు టైం పెంచారు చూడండి, అప్పట్నుంచి."

"ఆ రోజు పెద్దాయనకంటే ముందు ఎవరొచ్చారు? గుర్తుందా?"

గుర్తుండకేం. ఆ రోజు ఎన్నిసార్లు నెమరేసుకుందో పాపం. నెమలి ఊరి పెళ్లికి వెళ్లాల్సిన ఆవిడ కూర్చుని ఉంది. ఆమె కార్డుతో లాగిన్ అయి పేజీ తెరిచింది. ముహూర్తం పొద్దున్నో సాయంత్రమో కనుక్కుంటానని ఆవిడ ఫోను పట్టుకుని బయటికి వెళ్లింది. ఈలోగా పెద్దాయన కార్డు తీసి, పక్కనే ఇంకో ట్యాబులో ఆయన వంతు ఖరారు చేసింది. ఆవిడ తిరిగొచ్చి పొద్దున పూటే, రద్దు చెయ్యమంది. మొదటి ట్యాబుకి వెళ్లి, పైన ఆవిడ పేరు ఉందో లేదో చూసుకుని మరీ, గురువారం పొద్దుటి వంతు రద్దు అని నొక్కింది.

అడంగల్ తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను. వచ్చి అలాగే రెండు ట్యాబులు తెరిచి చూశాను. రెండు నిమిషాలు పట్టలేదు. ట్యాబులెన్ని తెరిచినా ఒక సైటుకి సంబంధించి బ్రౌజరు జేబు ఒక్కటే. రెండో మనిషి లాగిన్ కాగానే మొదటి మనిషి చీటీ పోయి రెండో మనిషి చీటీ వచ్చి కూర్చుంటుంది. మొదటి ట్యాబులో మాత్రం పాత పేరు అలాగే కనపడుతుంది, ఎందుకంటే పేజీని మళ్లీ తెప్పించే ఏర్పాటు నేను చేయలేదు. కళ్ల ముందున్నది ఆవిడ పేరు, వెళ్లింది పెద్దాయన చీటీ. ఇద్దరిదీ గురువారం పొద్దుటి వంతే కావడంతో సర్వరు మారుమాట లేకుండా రద్దు చేసేసింది. ఇది ఈ వృత్తిలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకి తెలియని విషయమేమీ కాదు. నాకూ తెలుసు. ఒక కంప్యూటరు ముందు ఒక మనిషే కూర్చుంటాడనుకుని రాశాను. హైదరాబాదులో అలాగే కూర్చునేవాళ్లం. దొంగ కోసం అన్ని తలుపులూ వేసినదాన్ని, ఊరంతా ఒకే తలుపులోంచి వస్తుందని ఆలోచించలేదు.

ఆ పూటే సరిచేశాను. ఏది నొక్కినా ఆ పేజీ మీద ఉన్న కార్డు నంబరునీ పంపించేలా, అది చీటీ తాలూకు మనిషితో సరిపోకపోతే సర్వరు ఆగిపోయేలా చేశాను. రద్దు చేసేముందు పేరు చూపించి అడిగేలా పెట్టాను. మెసేజ్ వెళ్లేలానూ చేశాను. పని చకచకా అయిపోయింది.

మేనేజరుగారికి చెప్పాను. ఆయన అంతా విన్నారు. తరువాత, "సరిచేశారు కదా మేడం. ఆయనా కోలుకున్నాడు. ఇప్పుడు ఇది కదిపితే మళ్లీ గొడవ. మీకూ మాకూ పరువు తక్కువ," అన్నారు. నిజం చెబుతున్నాను, ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నేను చెప్పాల్సినవాళ్లకి చెప్పేశాను, వాళ్లే వద్దన్నారు అనుకున్నాను. అలా అనుకుంటూ ఎనిమిది రోజులు గడిపాను. అన్నం సయించేది కాదు. పిల్లల మీద ఊరికే అరిచేదాన్ని. తొమ్మిదో రోజు కొత్త మార్పులు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి కేంద్రానికి వెళితే, గోడ మీద ఆ నోటీసు అలాగే ఉంది. దాన్ని పీకి ముక్కలు చేసి బుట్టలో వేశాను. అట్నుంచి అటే కొట్టుకి వెళ్లాను.

జరిగిందంతా చెప్పాను. ఆమె దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ విన్నది.

"అయితే నేను నొక్కలేదా అక్కా?" అంది చివరికి.

"నువ్వు నొక్కింది ఆవిడ పేరు మీదే. నీ తప్పేం లేదు. తప్పంతా నాది."

ఆమె నా మీద అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. "మీ కాగితం చూసినాక నేనే నొక్కాననుకున్నానక్కా," అంది. "ముందు గట్టిగా తెలుసు నాకు, ముట్టుకోలేదని. తర్వాత తర్వాత నాకే అనుమానం వచ్చింది. అక్క చదువుకున్న మనిషి, కంప్యూటరు అబద్ధం చెప్పదంది, నా చెయ్యే ఎక్కడో జారుంటుందనుకున్నా. నాన్నని తీసుకుని వాళ్ల ఇంటికెళ్లి ఆయన కాళ్లు పట్టుకున్నా."

నాకు ఏడుపు ఆగలేదు. కొట్టులో ఇద్దరు ముగ్గురు చూస్తున్నారు. క్షమించమన్నాను.

"నాకెందుకక్కా చెప్తన్నారు? అక్కడ చెప్పండి," అంది.

మరునాడు ఇద్దరం షేర్ ఆటోలో గంపలగూడెం వెళ్లి, అక్కడి నుంచి ఇంకో ఆటో మాట్లాడుకుని వాళ్ల ఊరు వెళ్లాం. పెద్దాయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లు వాచి ఉన్నాయి. ఆయన భార్య ఈ అమ్మాయిని చూడగానే మొహం తిప్పుకుంది. మేం ఇద్దరం ఎండలోనే నిలబడ్డాం. కుకీలూ సెషన్లూ అనే మాటలు అక్కడ నా నోటికి రాలేదు. ఆటో నడిపిన మనిషి కదా అని, "రెండు ఆటోలకి ఒకే నంబరు ప్లేటు తగిలించినట్టు చేశాను నేను. ఏ ఆటో గుద్దినా కేసు మీ మీదకే వచ్చేలా," అన్నాను. ఈ అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసినా నమ్మలేదని కూడా చెప్పాను. ఆయన అర్థమైనట్టు తలూపాడు.

"అయితే ఈ పిల్ల చెయ్యలేదా?" అన్నాడు.

"చెయ్యలేదండి. నేను చేశాను."

ఆయన ఆ అమ్మాయి వైపు చూశాడు. తరువాత భార్యతో, "ఆ రోజు సాయిబుగారు ఇక్కడే నించుని దణ్ణం పెడితే నేను ఏం మాటలన్నానే?" అన్నాడు. ఆమె లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి వసారాలో వేసి, అమ్మాయి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ అమ్మాయి చెంబు పట్టుకుని తల వంచుకుని ఏడుస్తూనే ఉంది. పెద్దాయన భార్య ఆమె వీపు నిమురుతూ పక్కనే నిలబడింది.

నన్ను తిట్టలేదు. నాతో మర్యాదగానే మాట్లాడింది. "మీరు తప్పు చేశారని నేననట్లేదమ్మా. తప్పులు ఎవరికైనా జరుగుతయ్యి. ఈ పిల్ల నేను ముట్టుకోలేదక్కా అని అంత ఏడుస్తా చెప్పింది గదా మీకు. ఒక్కసారి ఆ కొట్టుకెళ్లి, ఎట్టా చేశావమ్మా, చూపించు అని అడగలేకపోయారా?" అంది.

మా ఇంటి నుంచి ఆ కొట్టుకి నడిస్తే పది నిమిషాలు.